బాయీస్, చౌవన్

మా పెదనాన్న రక్తం నా చేతికి చిక్కిన రోజు నాకు లోపల పండగలా ఉంది. సిగ్గుపడాల్సిన మాటే, అయినా చెప్తున్నాను. ఇరవై మూడేళ్ళుగా ఆ మనిషి మీద పగ పెంచుకుంటూ వచ్చాను. చిన్నప్పుడు మొదలై, పెళ్ళీడు దాటి, తలలో రెండు తెల్లవెంట్రుకలు వచ్చేదాకా దాన్ని ఒక్కరోజు కూడా ఎండనివ్వలేదు.

నేను పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ప్రైవేటు లాబ్‌లో టెక్నీషియన్‌ని. ఊరి పేరు మారింది, బోర్డులూ మారాయి గాని, రక్తం ఇవ్వడానికి వచ్చేవాళ్ళెవరికీ ఇంకా కొత్త పేరు నోరు తిరగలేదు. పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చి, సూది చూసి ముఖం తిప్పుకుని, సాయంత్రం కాయితం పట్టుకుపోతారు. ఆ కాయితంలో ఉన్న అంకెలకి భయపడేవాళ్ళని చూశాను, మురిసిపోయేవాళ్ళనీ చూశాను. నాకు మాత్రం అందులో ఒక్క గీత మీదే కన్ను పడుతుంది. పీసీవీ అని ఉంటుంది. హిమటోక్రిట్ అన్నా అదే.

ఆ గీత మీద నాకెందుకింత పట్టింపో చెప్పాలంటే మా ఇంటి వరండాలోకి వెళ్ళాలి.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. ఆస్టినాబాద్‌లో ఒకే ఆవరణలో రెండు వాటాలు. ముందు వాటాలో మా పెదనాన్న, అంటే నాన్నకి అన్నగారు. ఇళ్ళు కట్టించే కాంట్రాక్టులు చేసేవాడు. వెనక వాటాలో మేము. మా నాన్న దీవుల మధ్య తిరిగే పడవలో పనిచేసేవాడు, వారాల తరబడి ఇంటికి రాడు. అందుకని మా ఇంటి మంచిచెడ్డలన్నీ పెదనాన్నే చూసేవాడు. చూసేవాడు అనడం ఆయన మాట. ఏలేవాడు అనడం నా మాట.

రోజూ సాయంత్రం వరండాలో ఆయన దర్బారు. వీధిలో ఎవరికి ఏ కాయితం వచ్చినా, ఆఫీసు ఉత్తరమైనా ఓడ టిక్కెట్టు ఫారమైనా, పట్టుకుని ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, కాయితాన్ని చేతికి అందినంత దూరం చాపి పట్టుకునేవాడు. పిల్లలకి కూడా లోకజ్ఞానం రావాలని, ఆడుకుంటున్న మాలో ఎవరినో ఒకరిని పిలిచి కుర్చీ పక్కన నిలబెట్టుకునేవాడు. ఎక్కువసార్లు నన్నే. ఆ తర్వాత తీర్పు చెప్పేవాడు. ఆయన నోట్లోంచి వచ్చిన మాటకి తిరుగు లేదు.

నాకు పదకొండేళ్ళప్పుడు మా అమ్మకి ఆయాసం పట్టుకుంది. నెలనెలా రక్తం ఎక్కువగా పోతుండేదని నాకు పెద్దయ్యాక తెలిసింది. అప్పట్లో ఆ సంగతి ఆవిడ ఎవరికి చెప్పుకుంటుంది? రెండు మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడేది. పెదాలు పాలిపోయి ఉండేవి. మా స్కూల్లో ఆరోగ్య శిబిరం పెట్టి ఆడవాళ్ళందరి రక్తం తీశారు. వారానికి కాయితం వచ్చింది. ఎప్పట్లాగే అది వరండాకి వెళ్ళింది.

ఆ సాయంత్రం నాకు గుర్తున్నది ఇలా. వరండా నిండా జనం ఉన్నారు. నేను కుర్చీ చేయి పట్టుకుని నిలబడ్డాను. అమ్మ టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని గుమ్మం వెనక ఉంది. కాయితం పెదనాన్న చేతిలో ఉంది. "బాయీస్ పర్సెంట్. ముప్పై మూడొస్తే గాని పాస్ కాదు. ఫెయిల్!" ఆ మాట పడగానే పెదనాన్న పగలబడి నవ్వాడు. పొట్ట ఊగేలా నవ్వాడు. "రక్తంలో కూడా ఫెయిలయిపోనాదిరా మా మరదలు! ట్యూషన్ పెట్టించాలి దీనికి!" అన్నాడు. వరండా అంతా గొల్లుమంది. అమ్మ కూడా నవ్వింది. పళ్ళెంలో గ్లాసులు గలగలమన్నాయి.

పరీక్షల్లో వచ్చే పర్సెంటు ఒక్కటే మా వీధికి తెలిసిన పర్సెంటు. రక్తానికి కూడా మార్కులు వేస్తారని, మా బళ్ళోలాగే ముప్పై మూడు దాటితే గట్టెక్కినట్టని అందరూ నమ్మేశారు. ఫెయిలైన పిల్లల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళరు కదా, తిడతారు. అమ్మనీ అదే చేశారు. సరిగ్గా తినదనీ, బద్ధకమనీ, సాకులు వెతుక్కుంటుందనీ అన్నారు. "తోటకూర పెట్టండి, వచ్చే పరీక్షకి పాసైపోద్ది" అని పెదనాన్న తేల్చేశాడు. పైగా ఆ ఇరవై రెండే అమ్మకి పేరుగా స్థిరపడిపోయింది. బాయీస్. వీధి కుళాయి దగ్గర బాయీస్, చేపల బుట్ట దగ్గర బాయీస్. హిందీవాళ్ళూ బెంగాలీవాళ్ళూ కూడా ఎందుకో తెలియకుండానే "బాయీస్ దీదీ" అనేవారు.

మూడు నెలలకి, కుళాయిలో నీళ్ళు వచ్చే రోజున, బిందె ఎత్తుకుంటూ అమ్మ కళ్ళు తిరిగి పడిపోయింది. ఎడమచేతి మణికట్టు ఒంటికింద పడి విరిగింది. అప్పుడు తీసుకెళ్ళారు పెద్దాసుపత్రికి. అక్కడి డాక్టరు పాత కాయితం చూసి, మా పెద్దమ్మని అడిగిందట: "ఈవిడని ఇన్నాళ్ళు ఇంట్లో పెట్టుకున్నారా?" రెండు సీసాల రక్తం ఎక్కించారు. ప్రాణం నిలబడింది. మణికట్టు మాత్రం వంకరగా అతుక్కుంది. ఇప్పటికీ అమ్మ తడిబట్ట పిండలేదు. చపాతీ పిండి కలపాలంటే నన్ను పిలుస్తుంది. పిలిచిన ప్రతిసారీ నాకు వరండాలో ఊగిన ఆ పొట్ట గుర్తొస్తుంది.

పెదనాన్న ఆసుపత్రికి ఒక్కసారి వచ్చాడు. మంచం పక్కన నిలబడి, "ఇప్పుడెంతొచ్చింది? పాసా?" అన్నాడు. దానికీ నవ్వారు.

నేను లాబ్ కోర్సులో చేరింది ఆ గీత అర్థం చేసుకోవడానికే. మొదటి నెలలోనే అర్థమైంది. దారం అంత సన్నటి గాజు గొట్టంలోకి రక్తం పీల్చి, ఒక చివర బంకమట్టిలాంటి దానితో మూసి, గుండ్రటి యంత్రంలో పెట్టి ఐదు నిమిషాలు గిర్రున తిప్పుతాం. ఎర్రకణాలన్నీ కిందకి దిగి గట్టిగా కూర్చుంటాయి. పైన లేత పసుపు నీరు తేలుతుంది. మొత్తం పొడవులో ఎరుపు ఎంతుందో, ఆ వంతే పీసీవీ. ఆడవాళ్ళకి ముప్పై ఆరు నుంచి, మగవాళ్ళకి నలభై నుంచి యాభై దాకా మామూలు. అంతే సంగతి. అందులో పాసూ లేదు, ఫెయిలూ లేదు. నేను తిప్పిన మొదటి గొట్టం చేతిలో పట్టుకుని, ఇరవై రెండు ఎక్కడ వస్తుందో గోటితో గుర్తు పెట్టి చూశాను. అడుగున కాస్త ఎరుపు, పైనంతా నీళ్ళే. ఆ నీళ్ళతో మా అమ్మ మూడు నెలలు బిందెలు మోసింది. ఆ రోజు టాయిలెట్‌లోకి వెళ్ళి ఏడ్చాను. ఏడ్చి బయటికి వచ్చి, ఆ మనిషి చేత ఏదో ఒక రోజు నన్ను అడిగించుకోవాలని నిశ్చయించుకున్నాను. 'అమ్మా, ఈ కాయితం చదివిపెట్టు' అని అడగాలి. దర్బారు నడిపిన నోటితో, నలుగురి ముందర అడగాలి.

ఇన్నేళ్ళూ ఆయన అడగలేదు. వయసు మీద పడింది, షుగరొచ్చింది, మా లాబ్‌లోనే పరీక్షలు చేయించుకునేవాడు. కాయితం మాత్రం నా చేతిలోంచి లాక్కుని, చేయి చాపి, తనే చూసుకుని మడిచి జేబులో పెట్టుకునేవాడు.

పోయిన వానాకాలంలో ఆయనకి జ్వరం వచ్చింది. డెంగీ అని మా దగ్గరే తేలింది. ఆ రోజు పీసీవీ నలభై మూడు. డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే వెళ్ళలేదు. బొప్పాయి ఆకు రసం తాగుతూ ఇంట్లో పడుకున్నాడు. మూడో రోజు పొద్దున మళ్ళీ వచ్చాడు, కొడుకు బండి వెనక కూర్చుని. జ్వరం నిన్నటి నుంచీ లేదట. ఒకసారి ప్లేట్‌లెట్లు చూసుకుని చౌల్దారీ వెళ్ళిపోతాడట. అక్కడ ఎవరిదో ఇంటికి ఆ రోజు స్లాబు వేస్తున్నారు, తను దగ్గర లేకపోతే కూలీలు పాడు చేస్తారట. ముఖం ఉబ్బినట్టుంది. పొట్ట మీద చేయి పెట్టుకుని కూర్చున్నాడు. నేను సూది గుచ్చుతుంటే ఆ చేయి చల్లగా తగిలింది.

ఆ వారం మా లాబ్‌లో పెద్ద మిషన్ పనిచేయడం లేదు. దానికి కావాల్సిన మందునీళ్ళు చెన్నై నుంచి ఓడలో రావాలి, సముద్రం బాగాలేక ఓడ కదల్లేదు. అందుకని పాత పద్ధతిలో, చేత్తోనే చేస్తున్నాం. ఆయన రక్తాన్ని గొట్టంలోకి పీల్చింది నేనే. తిప్పింది నేనే. ఐదు నిమిషాలయ్యాక మూత తీసి, గొట్టాన్ని కొలత అట్ట మీద పెట్టి చూసింది నేనే.

యాభై నాలుగు.

నమ్మలేక ఇంకో గొట్టం తిప్పాను. అదీ యాభై నాలుగే. ప్లేట్‌లెట్లు లెక్కపెడితే లక్షకి బాగా కిందకి దిగాయి. తెలియనివాళ్ళకి ఆ కాయితంలో ప్లేట్‌లెట్లే కనపడతాయి. నాకు కనపడింది వేరు. మూడు రోజుల్లో నలభై మూడు నుంచి యాభై నాలుగు. ఆయనకి కొత్తగా రక్తం పట్టలేదు. పులుసు మరిగి చిక్కబడితే చింతపండు పెరిగినట్టు కాదు కదా, నీళ్ళు పోయినట్టు. ఆయన రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతోంది, పొట్టలోకీ ఛాతీలోకీ చేరుతోంది. డెంగీలో జ్వరం తగ్గాకే ఇలా అవుతుంది. తగ్గింది కదా అని జనం లేచి పనికి వెళ్ళేదీ అప్పుడే. ఇంకొన్ని గంటలు ఇలాగే వదిలేస్తే బీపీ పడిపోతుంది. ఆ తర్వాత మనిషిని నిలబెట్టడం కష్టం.

ఆయన డాక్టరు చీటీ లేకుండా వచ్చాడు, కాబట్టి ఫోన్ చేసి చెప్పడానికి డాక్టరు కూడా లేడు. మా లాబ్ డాక్టరు సాయంత్రం గాని రారు. ఈ గదిలో ఆ గొట్టం ఉంది, నేను ఉన్నాను. అంతే.

కాయితం తీసుకుని కౌంటర్ దగ్గరికి వచ్చాను. నిజం చెప్తున్నాను, అప్పటికి చెప్పాలనే అనుకున్నాను. నోరు తెరిచేలోపల ఆయన కాయితం లాక్కున్నాడు. చేయి చాపి చూశాడు.

"యాభై నాలుగు!" అన్నాడు బెంచీల మీద కూర్చున్న పదిమందికీ వినపడేలా. "సెకండ్ క్లాసు! పక్కన నిచ్చెన గుర్తు కూడా ఉంది సూడు. పైకెక్కీసింది!"

నిచ్చెన గుర్తంటే ఇంగ్లీషు హెచ్. ఎక్కువైందని, ప్రమాదమని మేము పెట్టేది. ఆయనకది మెట్లలా కనపడింది.

"భయ్యా, బోలియే నా, సబ్ ఠీక్ హై నా?" అన్నాడు మా అన్నయ్య నాతో, అంతా బాగానే ఉందా అని. పెదనాన్న కొడుకు. చిన్నప్పటి నుంచీ ఆడా మగా తేడా లేకుండా అందర్నీ భయ్యా అనడం వాడికి అలవాటు.

నేను జవాబు చెప్పబోయాను. పెదనాన్న అడ్డొచ్చాడు. "దీన్నడుగుతావేట్రా? దీనమ్మది ఫెయిలైన రక్తం. మనది పాసైన రక్తం. పద, స్లాబు ఎండిపోద్ది."

బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు వరండా గుర్తొచ్చింది, గ్లాసుల గలగల గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాను. వాళ్ళు మెట్లు దిగి వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఇక్కడి నుంచి చెప్పేది నేను ఎవరికీ చెప్పలేదు. లోపలికి వెళ్ళి కూర్చుని, అమ్మ కట్టిన టిఫిన్ డబ్బా తెరిచాను. చింతపండు పులిహోర. నెమ్మదిగా తిన్నాను. ఎదురుగా అట్ట మీద ఆయన గొట్టం ఉంది, సగానికి పైగా ఎరుపు. దాన్ని చూస్తూ తిన్నాను. వెళ్ళు, స్లాబు వేయించుకో అనుకున్నాను. సెకండ్ క్లాసు రక్తం కదా, నీకేమవుతుంది అనుకున్నాను. ఒక్క మెతుకు మిగల్చలేదు. డబ్బా కడిగి బోర్లించాను కూడా. నలభై నిమిషాలు.

ఫోన్ తీయించింది జాలి కాదు. నన్ను గొప్పదాన్ని చేయకండి. డబ్బా బోర్లిస్తుండగా ఒక ఆలోచన వచ్చింది: పోయినవాడు ఇంక నన్నేమీ అడగలేడు. ఇరవై మూడేళ్ళు కాచుకున్నది వాడి నోటి మాట కోసం. నోరే లేకపోతే నా పగ తీరేదెలా?

అన్నయ్యకి ఫోన్ చేశాను. దారిలోనే ఉన్నారు. పెదనాన్న రెండుసార్లు వాంతి చేసుకున్నాడట, రోడ్డు పక్క కల్వర్టు గోడ మీద కూర్చోబెట్టాడట.

"ఫోన్ ఆయనకివ్వు" అన్నాను.

"ఏటమ్మా?" గొంతు నీరసంగా ఉంది.

"పెదనాన్నా, ఆ కాయితం తీసి నాకు చదివి వినిపించు."

"ఇప్పుడేటే... కళ్ళజోడు తేలేదు."

"పొద్దున లేకుండానే చదివావు కదా. యాభై నాలుగు ముందర ఏం రాసుందో చదువు."

చాలాసేపు రోడ్డు చప్పుడు మాత్రమే వినపడింది. లారీ ఒకటి వెళ్ళింది. నేను ఆగాను. ఒక మనిషి ప్రాణం పోతుంటే ఎంతసేపు ఆగొచ్చో నాకు తెలుసు, అంతసేపూ ఆగాను.

"నువ్వే చదివిపెట్టమ్మా" అన్నాడు.

ఆ మాట పులిహోర కంటే రుచిగా ఉంది. నలుగురి ముందర కాదు, అదొక్కటే లోటు. వెంటనే అన్నయ్యకి ఇమ్మన్నాను. "చౌల్దారీ లేదు, ఏమీ లేదు. ఆటో పిలిచి పెద్దాసుపత్రికి, క్యాజువాల్టీకి. పీసీవీ నలభై మూడు నుంచి యాభై నాలుగైందని ముందు ఆ మాట చెప్పు. జల్దీ!" అన్నాను.

తీసుకెళ్ళారు. సెలైన్ పెట్టి, గంటగంటకీ బీపీ చూస్తూ, మళ్ళీ మళ్ళీ రక్తం తీస్తూ ఒడ్డున పడేశారు. "సాయంత్రానికి తెస్తే మా చేతిలో ఉండేది కాదు, ఎవరు పంపించారు?" అని డాక్టరు అడిగితే అన్నయ్య నా పేరు చెప్పాడు. వీధి వీధంతా నన్ను పొగిడింది. పొగడ్త కూడా పగలాగే తీసుకున్నాను, వడ్డించినకొద్దీ తిన్నాను.

మర్నాటి నుంచి నా దర్బారు మొదలైంది. రోజూ డ్యూటీ అయ్యాక వార్డుకి వెళ్ళేదాన్ని. రిపోర్టు తీసుకుని మంచం పక్కన నిలబడేదాన్ని గాని చదివేదాన్ని కాదు. ఆయన అడగాలి. మొదటి రోజు కళ్ళతో అడిగాడు, చాలదన్నట్టు కిటికీ వైపు చూశాను. "చదివిపెట్టమ్మా" అన్నాకే చదివాను. యాభై. మర్నాడు నలభై ఆరు. వచ్చినవాళ్ళందరి ముందూ, "చౌవన్‌గారు ఎలా ఉన్నారు?" అని పలకరించేదాన్ని. చౌవన్ అంటే యాభై నాలుగు. ఎందుకని ఎవరడిగినా నిచ్చెన కథ మొత్తం చెప్పేదాన్ని, ఎక్కడ నవ్వాలో అక్కడ ఆగి మరీ. మూడో రోజుకి వార్డు ఆయా కూడా "చౌవన్ అంకుల్, దవా లే లో" అంటూ మందు ఇవ్వడం చూశాను. వీధిలో పిల్లలు అందుకున్నారు. ఆ రోజు ఇంటికి స్కూటీ మీద పాడుకుంటూ వచ్చాను.

నాలుగో రోజు అమ్మ జావ పట్టుకుని తనూ వస్తానంది. విజిటర్ల వేళ. మంచం చుట్టూ మా వీధివాళ్ళు ఆరేడుగురు ఉన్నారు. ఆనాడు వరండాలో నవ్వినవాళ్ళలో ముగ్గురు ఉన్నారని లెక్క చూసుకున్నాను. నా బ్యాగులో అమ్మ పాత కాయితం ఉంది, ప్లాస్టిక్ కవర్లో. ఆసుపత్రి ఫైలు నుంచి తీసి ఇన్నేళ్ళూ నేనే దాచాను. దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టాను.

"పెదనాన్నా, రోజూ నేనే చదువుతున్నాను. ఇవాళ ఇది నువ్వు చదివి వినిపించు. ఇదివరకు చదివిందే కదా."

అందరూ చూస్తున్నారు. అమ్మ జావ గిన్నె మూత తీస్తూ ఆగిపోయింది. ఆయన కాయితాన్ని అలవాటు ప్రకారం చేయి చాపి పట్టుకున్నాడు. తిప్పి చూశాడు. తర్వాత మెల్లగా దుప్పటి మీద పెట్టేశాడు.

"నాకు ఇంగ్లీషు రాదమ్మా" అన్నాడు. "ఎప్పుడూ రాదు. తెలుగే కూడబలుక్కుంటాను. అంకెలొకటే తెల్సు."

అదే నాకు కావాల్సింది. నలుగురి ముందర. నేను ఊపిరి పీల్చుకుని, "మరి ఆ రోజు ఎలా చదివావు?" అన్నాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. ఆ చూపులో దొంగతనం లేదు.

"ఆ రోజూ నువ్వే గదమ్మా చదివావు. కుర్చీ పక్కన నిలబడి, ఏలు పెట్టి సూపించి మరీ. బాయీస్ పర్సెంట్ పెదనాన్నా, ముప్పై మూడొస్తే గాని పాస్ కాదు, ఫెయిల్ అన్నావు. పదకొండేళ్ళ పిల్ల ఇంగ్లీషు కాయితం గడగడా సదివీసింది అని నాను ఎంత నవ్వానో! అప్పట్నించే నీ సదువంటే నాకు గురి."

అబద్ధం అనబోయాను. అంతలోనే ఒక మాట అడ్డంపడింది. బాయీస్.

పెదనాన్న జీవితంలో ఎన్నడూ హిందీలో లెక్కపెట్టలేదు. సిమెంటు బస్తాలు లెక్కపెట్టినా, కూలీల తలలు లెక్కపెట్టినా ఒకటి రెండు మూడే. మొన్న కౌంటర్ దగ్గర కూడా యాభై నాలుగు అన్నాడు గాని చౌవన్ అనలేదు. చౌవన్ అన్నది నేను. మా ఆవరణలో హిందీలో అంకెలు చెప్పేది హిందీ మీడియం పిల్లలమే. ఆ సాయంత్రం ఆ కుర్చీ పక్కన ఉన్న హిందీ మీడియం పిల్లని నేనొక్కదాన్నే. నాకు నా వేలు కనపడింది, ఆ గీత కింద, సిరా మరకతో.

అమ్మ వైపు చూశాను. ఆవిడ జావ గిన్నెలో చెంచా తిప్పుతోంది.

ఇద్దరం స్కూటీ మీద ఇంటికొచ్చాం. వంటింట్లో అడిగాను.

"నిజమేనా?"

"నిజమే" అంది అమ్మ, కుడిచేత్తో బియ్యం కడుగుతూ.

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు? నేను ఆయన్ని తిట్టినప్పుడల్లా నీకు తెలుసు కదా."

"సదివింది పిల్ల. నవ్వింది ఆడు" అంది. బావగారిని మా అమ్మ 'ఆడు' అనడం నా బతుకులో వినడం అదే మొదటిసారి. "పిల్ల నోటి మాట పిల్లతో పోనిచ్చాడా? ఊరందరి సేతా అనిపించాడు. ఆసుపత్రికొచ్చి కూడా పాసా అన్నాడు. నాను తిరిగి ఒక్క మాట అన్లేను. నువ్వు తిడతంటే నా కడుపు సల్లగుండేది. నిజం సెప్పీస్తే నువ్వు తిట్టడం మానీస్తావని సెప్పలేదు."

బియ్యం నీళ్ళు వంచుతుంటే వంకర మణికట్టు గిన్నె అంచుకి ఆనించింది. నేను సాయం పట్టబోతే వద్దంది.

నా పగ సగం ఆవిడదేనని, నా చేత మోయించిందని అప్పుడు తెలిసింది. కోపం రాలేదు. రావడానికి లోపల చోటు లేదు.

మర్నాడు ఆయన్ని ఇంటికి పంపిస్తున్నారు. వార్డుకి వెళ్ళాను. నన్ను చూడగానే, నేను కిటికీ వైపు చూడకముందే, "చదివిపెట్టమ్మా" అన్నాడు. ఈ నాలుగు రోజుల్లో అది ఆయనకి గుడ్ మార్నింగ్ చెప్పినంత అలవాటైపోయింది.

"నలభై ఒకటి" అన్నాను.

"పాసా, ఫెయిలా?"

"ఇవి మార్కులు కావు పెదనాన్నా" అన్నాను. పదకొండేళ్ళప్పుడు అనాల్సిన మాట, అప్పుడు నాకు తెలియని మాట.

ఆయన్ని క్షమించలేదు. ఆ నవ్వు ఆయనదే, దాన్ని ఇంకెవరి ఖాతాలోనూ వేయను. కానీ ఇప్పుడు మా వీధి మొదట్లో పిల్లలు "చౌవన్ తాతా!" అని అరుస్తారు, వీధి చివర కుళాయి దగ్గర ఎవరో "బాయీస్ దీదీ" అని పిలుస్తారు. స్కూటీ దిగి ఆవరణలోకి నడిచేలోపల రెండూ వినపడతాయి. రెండు పేర్లూ నేను పెట్టినవే.